మెరవని మెడ

మార్చి 2, ఆదివారం

ఆరాధన ముగిసేసరికి గొంతు బొంగురుపోయింది. కాసిని వేణ్ణీళ్లు తాగుదామని కూర్చున్నానో లేదో, నర్సు పొడుగాటి పెట్టె మోసుకొచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. జనవరిలో పోయిన గిటారు పెద్దాయన కూతురు ఈమె. ఇరవై రెండేళ్లు మా ప్రార్థన హాల్లో పాటలకు గిటారు వాయించిన మనిషి ఆయన. పెట్టెలో ఉన్నది ఆ గిటారే.

“నాన్న గుర్తుగా దీన్ని హాలుకే ఇచ్చేద్దామనుకుంటున్నాను బ్రదర్. అరవై ఏళ్ల నాటిదని, మెడ కూడా దానిదేనని ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. ఇవన్నీ మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు కదా. ఒకసారి చూసి ఔననండి చాలు, ఆయన పేరు వేయిస్తాను” అంది.

చూడమంటే చూస్తాను. చూసి ఔననమంటే ఎలా? చూడ్డం వేరు, ఔననడం వేరు. జనానికి ఈ తేడా ఎన్ని ఆదివారాలు అరిచి చెప్పినా ఎక్కదు.

సామాన్ల గదిలోకి తీసుకెళ్లి తలుపేసి, ఊదారంగు దీపం వేశాను. దొంగనోట్లు పట్టుకునే దీపమే. పాత కంపెనీ వార్నిష్ ఆ వెలుగులో లేత పసుప్పచ్చగా మెరుస్తుంది. తర్వాత పూసింది మెరవదు. గిటారు ఒళ్లు చక్కగా మెరిసింది. మెడ వెనక భాగం మెరవలేదు. వేళ్లు ఆడే మేర అంతా చచ్చిన చేపలా పడుంది. తల దగ్గరికి వచ్చేసరికి మెరుపు మొదలైంది. ఎక్కడ మొదలైందంటే వేలు పెట్టి చూపించలేను, పొద్దుటి మంచులా ఉంది దాని అంచు. తడిమితే గాజు. ఇంకేం కావాలి? ఉప్పుకాగితం పెట్టి రుద్దిన మెడ. ఎవడో వేరే మెడ తెచ్చి, దాని గుర్తులు పోయేదాకా రుద్ది, దీనికి తగిలించాడు. గిటారు ముందు వైపు ప్లేటు విప్పి లోపల చూడాల్సిన పని కూడా లేకపోయింది.

బయటికి వచ్చేసరికి నలభై మంది నిలబడి ఉన్నారు. నేను పిలిచానా వాళ్లని?

“ఒళ్లు అసలుది. మెడ దీనిది కాదమ్మా.”

“నాన్న అబద్ధం చెప్పాడంటారా?”

“నేననడం లేదు. దీపం అంటోంది.”

ఆమె పెట్టె మూసింది. ఒక కొక్కెం పడలేదు. రెండుసార్లు నొక్కి, పడకపోతే అలాగే చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఈ మాట చెప్పినందుకు నాకేమీ సంతోషం కలగలేదు. రాసి పెట్టుకుంటున్నాను. కలగలేదు.

మార్చి 3, సోమవారం

మా ఆవిడ పొద్దుట్నుంచీ మాట్లాడలేదు. ఏమైందని అడిగితే “ఏం లేదు” అంది. కాసేపాగి మళ్లీ అడిగాను. మళ్లీ ఏం లేదట.

మార్చి 5, బుధవారం

కొట్లో మూడు మోటార్లు కాలిపోయి వచ్చాయి. మూడూ నాసిరకం తీగ చుట్టినవే. ఈ కాలంలో ఎవరికీ చుట్టడం రాదు, చుట్టించుకోవడమూ రాదు. నాకు ఎవరూ నేర్పలేదు. కాలిపోయినవి విప్పి, చుట్లు లెక్కపెట్టి నేర్చుకున్నాను. దేవుని వాక్యం కూడా అంతే. ఏ కాలేజీకీ వెళ్లలేదు. ఒక్కో పేజీ విప్పి నేర్చుకున్నాను.

గిటార్ల మీద మనసు పడటానికీ కారణం అదే. తీగ కింద ఉండే పికప్ అంటే ఏమిటి? అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ. ఆ రోజుల్లో ఆడవాళ్లు యంత్రం ముందు కూర్చుని వేళ్ల మధ్య తీగ నడిపిస్తూ చుట్టేవాళ్లట. అందుకే ఏ రెండూ ఒక్కలా పలకవు. మెడ ఒకే చెక్క. ఒంట్లో దాని గాడి ఎంత బిగువుగా ఉండేదంటే, స్క్రూలు తీసేసినా ఊడిరాదు, మెడ పట్టుకుని గిటారు మొత్తాన్ని పైకెత్తొచ్చు. ఇప్పటి వాటి సందులో ఒక కార్డు దూర్చొచ్చు, నేనే దూర్చి చూశాను. అప్పటి వాళ్లు భయభక్తులతో చేశారు. ఇప్పటి వాళ్లు మధ్యాహ్నం భోజనం గంట కోసం చేస్తున్నారు.

నా దగ్గర ఏడున్నాయి. ఏడూ పరిశుద్ధంగా ఉన్నాయి. ఒక్క స్క్రూ తల అరగలేదు.

ఈ మాటే పైకి అన్నట్టున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, మూడు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

“అరగవు మరి. వాయిస్తేగా.”

“నేను వాయించడానికి కొనలేదు.”

“తెలుసు. ఏడుగురు సవతులు, ఏడుగురూ అలమారాలోనే. నేనొక్కదాన్నే బయటున్నాను, పని చెయ్యాలిగా.”

గిటారు రాదు నాకు, నిజమే. వంట రాని వాడికి రుచి తెలియదా? ఈ మాట తర్వాత తట్టింది. అప్పుడు తట్టి ఉంటే బాగుండేది.

ఆవిడ ఇంకో మాట కూడా అంది. పెద్దాయన మీద నాకు పాత కక్ష ఉందట. కక్ష ఏమిటి? నా ప్రసంగం గంట దాటితే ఆయన గిటారు మీద మెల్లగా ఒక్క మీటు మీటేవాడు. మెల్లగా, మర్యాదగా. జనం వెంటనే పాటల పుస్తకాలు తీసేవాళ్లు. ఇరవై రెండేళ్లు. నేను మంచి పట్టులో ఉన్నప్పుడు, అగ్ని దిగి వచ్చే వేళకు, టింగ్ మని. ఒకసారి ఆ గిటారు చూపించమని నేనే వెళ్లి అడిగాను. “చూడ్డానికేముంది బ్రదర్, వినండి” అన్నాడు. దాన్ని కక్ష అనరు. అది నాకు గుర్తు కూడా లేదు.

మార్చి 6, గురువారం

సాయంత్రం ప్రార్థన కూటంలో పైకి నున్నగా ఉండి లోపల వేరేగా ఉండే బతుకు గురించి మాట్లాడాను. సున్నం కొట్టిన సమాధుల వాక్యం తీసుకున్నాను. ఉదాహరణకు వేరే మెడ తగిలించిన వాద్యం అని ఒక్క ముక్క అన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. పేరు ఎత్తనప్పుడు అందరూ వెనక్కి తిరిగి నర్సు వైపు చూడ్డం ఎందుకు? జనానికి బుద్ధి ఉండొద్దూ?

ఆమె మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. డ్యూటీ ఉందేమో.

మార్చి 8, శనివారం

శనివారం మధ్యాహ్నం పళ్ల డాక్టరు క్లినిక్ మూసేశాక నేనూ ఆయనా కూర్చుంటాం. ఊళ్లో పాత గిటార్ల పిచ్చి ఉన్నది మా ఇద్దరికే. రోగులు పడుకునే కుర్చీలో గిటారు పడుకోబెట్టి, పై దీపం కిందికి లాగి, మాట్లాడుకుంటాం. వారం మొత్తంలో నాకు ఎవరి మీదా విసుగు పుట్టని రెండు గంటలవి. ఈ రోజు అవీ పోయాయి.

కుర్చీలో పెద్దాయన గిటారు ఉంది.

“నర్సమ్మే తెచ్చిచ్చింది బ్రదర్. ఇంట్లో దాన్ని చూడలేకపోతున్నానంది. ఊరికే తీసుకెళ్లండంది.”

“మీకెందుకిది? మెడ దీనిది కాదని చెప్పాగా.”

“మెడ సంగతి వదిలేయండి. పికప్‌లు పాతవేగా. నా దాంట్లో వెనకది చచ్చిపోయి ఏడాదైంది. వీటిని పీకి దానికి పెట్టేస్తా. మిగతా చెక్క ఎవరికైనా గోడకు తగిలించుకోవడానికిస్తా.” నవ్వాడు. “పళ్లు పీకడం నాకు చేతనైన పనేగా. వచ్చే శనివారం మూడు పికప్‌లూ ఒక్క విడతలో.”

మంచి ఆలోచనే అన్నాను. మంచి ఆలోచనే కదా. ఒళ్లూ మెడా కలవని దాన్ని ఉంచుకుని ఎవరేం చేస్తారు?

మార్చి 9, ఆదివారం

గంటా నలభై నిమిషాలు ప్రసంగించాను. ఎవరూ ఆపలేదు. చివర్లో ముందు వరుసలో ముగ్గురు నిద్రపోయారు.

మార్చి 11, మంగళవారం

హాల్లో ప్రసంగం బల్ల ఒక కాలు ఊగుతోందని వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. నేను చరిచినప్పుడల్లా మైకు కూడా కదులుతోంది. ఆయన కాలు బిగించి, బల్ల అంతా ఒకసారి తడిమి, ఎడమ అంచు దగ్గర ఆగాడు.

“పాలిష్ ఎత్తిపోయింది చూశారా ఇక్కడ. మళ్లీ వేసెయ్యమంటారా?”

“ఎవడో గీకాడు” అన్నాను. “పిల్లలై ఉంటారు. లేకపోతే ఊడ్చేవాడు ఉప్పుకాగితం పెట్టి రుద్ది ఉంటాడు.”

మేస్త్రి నా వైపు జాలిగా చూశాడు. మోటారు తీసుకొచ్చి ఊరికే ఆగిపోయిందండీ అనేవాడి వైపు నేను చూసే చూపు అది.

“ఉప్పుకాగితం వేస్తే అంచు తెలుస్తుందయ్యా. ఇక్కడిదాకా వేశాను, ఇక్కడ ఆపాను అని గీత పడుద్ది. దీనికేదీ గీత? ఎక్కడ మొదలైందో చెప్పండి చూద్దాం. ఇది చెయ్యి తిన్న పాలిష్. మీరు మాట్లాడేటప్పుడు ఎడం చెయ్యి ఇక్కడే కదా ఆనిస్తారు? ఇరవై ఏళ్లు ఆనిస్తే మరి తినదా?”

చెయ్యి పెట్టి చూశాను. సరిగ్గా అక్కడే పడింది.

పాలిష్ వెయ్యొద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఎందుకో చెప్పకుండా పంపించేశాను.

మార్చి 12, బుధవారం

దీపం పట్టుకుని హాలుకి వెళ్లాను. కిటికీలన్నీ మూశాను. బల్లకు వేసింది లక్క పాలిష్, కాబట్టి నారింజ రంగులో మెరిసింది. నా చెయ్యి ఆనే చోట చచ్చిన చేప. అంచు పొద్దుటి మంచులా ఉంది.

బల్ల వేరు, గిటారు వేరు. లక్క వేరు, కంపెనీ వార్నిష్ వేరు. పెద్దాయన వారానికోసారి గుడ్డపెట్టి తుడిచేవాడు, అందుకే నునుపు అంటారా? చెయ్యి తిన్నదైతే మురికైనా ఉండాలి. గుడ్డపెట్టి తుడిస్తే మురికి ఎలా ఉంటుంది అంటారా?

ఎవరంటున్నారు? ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

నా ఏడింటినీ బయటికి తీసి దీపం కింద పెట్టాను. ఏడూ మెడ మొదటి నుంచి చివరిదాకా వెలిగాయి. ఒక్కదాన్నీ ఎవడూ వాయించలేదు. డాక్టరువీ అంతే, అన్నీ పెట్టెల్లోనే. వాయించి అరగ్గొట్టిన మెడ మా ఇద్దరి చేతికీ ఎన్నడూ రాలేదు. పదిహేనేళ్లుగా పెద్ద పండితుల్లా మాట్లాడుకున్నాం.

పొద్దున గ్రంథం తెరిస్తే, ఇతరులకు తీర్పు తీర్చేవాడి గురించి ఉన్న పేజీలో గుర్తు దారం ఉంది. అక్కడ దారం నేను పెట్టలేదు. మా ఆవిడని అడిగితే “ఏం లేదు” అంది. దారం తీసి వంశావళుల దగ్గర పెట్టుకున్నాను. అక్కడ ఫలానా వాడు ఫలానా వాణ్ణి కన్నాడని తప్ప ఎవరూ ఎవరినీ ఏమీ అనరు.

మార్చి 13, గురువారం

కొట్లో పని ఎక్కువగా ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లడం కుదరలేదు. కూటంలో ఓర్పు గురించి మాట్లాడాను. నర్సు రాలేదు.

మార్చి 14, శుక్రవారం

డాక్టరుకు ఫోన్ చేశాను.

“చెప్పండి బ్రదర్.”

“ఏం లేదు. కింది దవడ పన్ను ఒకటి లాగుతోంది.”

“ఏ పక్క?”

“ఎడమ.”

“రేపు రెండింటికి రండి, చూస్తా. రేపు ఎలాగూ రావాలిగా, గిటారు ఆపరేషన్ ఉంది.”

“రేపే చేస్తారా?”

“ఏం, ముహూర్తం బాగా లేదా?” అని నవ్వాడు.

ఫోన్ పెట్టేశాను. నా పళ్లు గట్టిగా ఉన్నాయి. నోట్లో రాయి లాంటి పళ్లు, నాలుక మాత్రం లేదు. రెండు వందల మంది ముందు గంటా నలభై నిమిషాలు ఆడే నాలుక.

మార్చి 15, శనివారం

రెండింటికి అన్నాడు కదా, ఒంటిగంటన్నరకే వెళదామనుకున్నాను. ఒకాయన నీళ్ల మోటారు తెచ్చి, ఇప్పుడే కావాలని కూర్చున్నాడు. ఇప్పుడే కుదరదంటే వినడు. రేపు రమ్మంటే రేపు ఆదివారం కదండీ అంటాడు. ఆదివారమని నాకే చెబుతాడు. వాణ్ణి వదిలించుకుని వెళ్లేసరికి రెండుంపావు.

గిటారు కుర్చీలో పడుకుని ఉంది. తీగలన్నీ తీసేశాడు. ముందు ప్లేటు విప్పి తిరగేశాడు. చేతిలో కటింగ్ ప్లేయరు ఉంది.

“ఆపండి” అన్నాను.

“ఒక పికప్ అయిపోయింది. ఏమైంది?”

వంగి చూశాను. ప్రభూ, అలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. సోల్డరింగ్ ప్రతి బొట్టూ కంపెనీది, మసకబారి, ఒక్కటీ కదపనిది. మెడ గాడిలో చెక్క మీద పెన్సిల్ తేదీ, ఎవరిదో పొడి అక్షరాల సంతకం. మెడ ఊడదీసి పక్కన పెట్టాడు, గాడిలో కూర్చునే దాని మడమ మీదా అదే నెల. అరవై ఏళ్లలో దాన్ని విప్పిన మొదటి మనిషి మా పళ్ల డాక్టరు. పక్కన తెగిన పికప్ తీగ, నల్ల గుడ్డ తొడుగుతో, చివర కొత్త రాగి మెరుస్తూ ఉంది.

“ఇది దీని మెడే” అన్నాను. “నేను పొరపాటు పడ్డాను. రుద్దింది కాదు, ఆయన చెయ్యి అరగదీసింది. తేదీ చూడలేదా మీరు?”

“చూడలేదు.”

“కళ్లెదురుగా ఉంటే?”

“మీరు చెప్పారు కదా బ్రదర్” అన్నాడు. ఎగతాళిగా కాదు. అదే భరించలేకపోయాను. “మీరు చెప్పాక ఇక చూడ్డం ఎందుకని చూడలేదు.”

ఆయన ప్లేయరు పళ్లెంలో పెట్టి, అలవాటుకొద్దీ చేతులు కడుక్కున్నాడు.

“మరి పన్ను?” అన్నాడు.

మార్చి 16, ఆదివారం

చెప్పాను. బల్ల పట్టుకోకుండా నిలబడి చెప్పాను. నా పేరుతో, తేదీలతో, పెద్దాయన పేరుతో సహా. నేను తొందరపడి చనిపోయిన మనిషిని అబద్ధాలకోరును చేశానని, ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజమని.

జనం “ఆమెన్” అన్నారు.

కథగా చెప్పడం లేదు, నిజంగా జరిగింది అన్నాను. ఇంకా గట్టిగా “ఆమెన్” అన్నారు. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అయ్యాక వరుసగా వచ్చి చేతులు పట్టుకున్నారు. ఎంత తగ్గింపు మనసు బ్రదర్, మీలాంటి వాళ్లు అరుదు బ్రదర్, ఈ ఏడాది ఇదే గొప్ప ప్రసంగం బ్రదర్. గిటారు మాట ఒక్కరూ ఎత్తలేదు. పెద్దాయన మాట ఎత్తలేదు. తప్పు చేసిందీ నేనే, పొగడ్త వచ్చిందీ నాకే. ఈ జనంతో నేనెలా వేగేది?

నర్సు రాలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. “ఆ అమ్మాయికి చెప్పారా?”

“అందరి ముందూ చెప్పాను.”

“ఆ అందరిలో ఆ అమ్మాయి ఉందా?”

మార్చి 18, మంగళవారం

డాక్టరు దగ్గర్నుంచి తెచ్చిన గిటారు పెట్టె ఒక చేత్తో, సోల్డరింగ్ సామాను ఇంకో చేత్తో నర్సు ఇంటికి వెళ్లాను. పగటి డ్యూటీకి సెలవు, ఇంట్లోనే ఉంది. మూడో అంతస్తు. మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది, అనుకున్న మాటలన్నీ రెండో అంతస్తులోనే ఉండిపోయాయి.

“మెడ దీనిదేనమ్మా. మీ నాన్న చెప్పింది నిజం. నాది తప్పు.”

“ఆదివారం చెప్పారటగా. చాలా బాగా చెప్పారని నలుగురు ఫోన్ చేశారు.”

పెట్టె బల్ల మీద పెట్టాను. ఒక పికప్ తీగ తెగిందని చెప్పాను. ఎందుకు తెగిందో చెప్పాను. ఆమె చాలాసేపు ఆ తెగిన చివర చూసింది.

“అతికితే మోగుతుందా?”

“మోగుతుంది. కానీ ఇలాగే ఉంచితే, ఇన్నాళ్ల కంపెనీ సోల్డరింగ్ మిగతాదైనా చెక్కుచెదరకుండా ఉంటుంది. కొత్తది పడితే ఇక దీన్ని అంతా అసలుదే అనడానికి ఉండదు. ఇలాంటిది మళ్లీ...”

“బ్రదర్, అతకండి.”

అతికాను. నా చేతులతో వెయ్యి తీగలు అతికాను, ఏదీ ఇంతసేపు పట్టలేదు. పాత బొట్టు కరిగి, కొత్తదానితో కలిసిపోయింది. మెడ గాడిలో పెట్టి నొక్కితే, స్క్రూలు పడకముందే పట్టుకుంది. తీగలు ఎక్కించాక ఆమె చిన్న యాంప్లిఫయరు తెచ్చి మీటింది. వచ్చు ఆమెకు. ఇన్నేళ్లూ ఆ సంగతి నేను అడగలేదు. మూడు పికప్‌లూ పలికాయి.

ముందు ప్లేటు మూయబోతూ ఆగాను. రేపు ఎవడో నాలాంటివాడు దీపం పట్టుకుని వస్తాడు. లోపల కొత్త సోల్డరింగ్ చూస్తాడు, ఎవరో మార్చేశారంటాడు, మళ్లీ పెద్దాయన మీదికే వస్తుంది. ఆమెకు చెప్పి, ఒక కాగితం అడిగి, జరిగిందంతా రాశాను, లోపల అంటించడానికి. పదకొండు వరుసలు వచ్చింది. చివర గ్రంథంలోంచి ఒక వాక్యం కూడా పెట్టాను.

ఆమె చదివి, జేబులోంచి ఆస్పత్రి పెన్ను తీసింది.

“ఇది ప్రసంగం. మందుల చీటీ ఇంత పొడుగు రాస్తే, చదివేలోపు రోగి పోతాడు.”

వాక్యం కొట్టేసింది. నేను ఎలా పొరబడ్డానో చెప్పిన నాలుగు వరుసలు కొట్టేసింది. నా ఉద్దేశం మంచిదేనన్న వరుస దగ్గర ఒక్క క్షణం ఆగి నా ముఖం చూసి, దాన్నీ కొట్టేసింది. మిగిలింది చిన్న చీటీలో తిరగరాశాను.

మెడ దీనిదే. ఈ తీగ తెగింది నా మాట వల్ల, అతికింది నేను.

“పేరు రాయండి” అంది.

ముందు ‘బ్రదర్’ అని మొదలుపెట్టాను. ఆమె పెన్ను పట్టుకుంది. లాక్కోలేదు, పట్టుకుందంతే. ఉత్త పేరే రాశాను. అంటించి, ప్లేటు మూసి, ఎనిమిది స్క్రూలూ బిగించాను.